మువ్వల చెంపల రాయి

శ్రోతలకు నమస్కారం.

1978 ఫిబ్రవరి 21, తెల్లవారుజాము. మెక్సికో నగరం నడిబొడ్డున, పెద్ద కెథీడ్రల్‌కు దగ్గర్లో, కరెంటు తీగల కోసం గొయ్యి తవ్వుతున్న కార్మికుల పారకు గట్టిరాయి తగిలింది. రెండు మీటర్ల లోతున. మట్టి తుడిస్తే చెక్కడం కనిపించింది. పని ఆగిపోయింది. పురావస్తు శాఖ వాళ్ళు వచ్చి మట్టంతా తీసేసరికి బయటపడింది ఒక గుండ్రటి రాయి. అడ్డంగా కొలిస్తే సుమారు 3.25 మీటర్లు, బరువు 8 టన్నుల దాకా. దాని మీద తల, చేతులు, కాళ్ళు తెగిపడిన ఒక స్త్రీ.

ఆవిడ పేరు కొయోల్షౌకీ. స్పెయిన్ వాళ్ళు రాకముందు ఇక్కడ రాజ్యమేలిన ఆజ్టెక్‌ల నాహువాట్ల్ భాషలో కొయోల్లి అంటే మువ్వ. చెంపల మీద మువ్వలున్నది అని పేరుకు అర్థం. రాతి మీద చెంప చూస్తే అక్కడ మువ్వ ఉంటుంది. అంటే శిల్పి ఆవిడ పేరును అక్షరాల్లో రాయలేదు, చెంప మీద పెట్టాడు.

కథ క్లుప్తంగా చెబుతాను. కోఆటెపెక్ అంటే పాముల కొండ. ఆ కొండ మీద కోఆట్లీక్వే అనే తల్లి ఊడుస్తుండగా ఈకల ఉండ ఒకటి పైనుంచి పడింది. దాన్ని తీసి నడుము దగ్గర దోపుకుంది, గర్భం నిలిచింది. కూతురు కొయోల్షౌకీకి ఇది పరువు తక్కువ అనిపించింది. నాలుగు వందల మంది తమ్ముళ్ళను వెంటేసుకుని తల్లిని చంపడానికి కొండెక్కింది. సరిగ్గా అప్పుడే కడుపులోని బిడ్డ, వీట్సిలోపోచ్‌ట్లి, ఆయుధాలతో సహా పుట్టాడు. అక్క తల నరికాడు. మొండెం కొండ మీంచి దొర్లుకుంటూ కిందికి పోయింది, దొర్లుతూ దొర్లుతూ ముక్కలైంది.

కింద. ఈ మాట గుర్తుపెట్టుకోండి. ఇప్పటి మెక్సికో నగరం ఉన్నచోటే ఉన్న ఆజ్టెక్‌ల రాజధాని టెనోచ్‌టిట్లాన్‌లోని పెద్ద గుడి అంటే ఆజ్టెక్‌లకు ఆ పాముల కొండే. పైన వీట్సిలోపోచ్‌ట్లి గర్భగుడి, ముందు నిటారుగా మెట్లు, మెట్ల కింద నేల మీద ఈ రాయి. పండుగనాడు బందీలను పైన బలిచ్చి శవాలను మెట్ల మీంచి దొర్లించేవారు. అవి దొర్లి దొర్లి కింద ఈ రాయి దగ్గరికి వచ్చేవి. కథలో కొండ మీద జరిగింది ఇక్కడ మెట్ల మీద మళ్ళీ జరిగేది. గుడిని పెంచి కట్టినప్పుడల్లా పాతది లోపల పూడిపోయేది. ఈ రాయి కింద కూడా అంతకుముందటి కొయోల్షౌకీ బొమ్మలు దొరికాయి. బొమ్మ మారింది, చోటు మారలేదు. ఈ రాతి అర్థంలో సగం దాని చోటులోనే ఉందని నా అభిప్రాయం.

ఇక చెక్కడం. రాయి ఆండసైట్, అగ్నిపర్వతపు రాయి. అక్కడ ఇనుము లేదు. రాగి ఉలి ఈ రాతి మీద మొన పోతుంది. కాబట్టి రాతిని రాతితోనే కొట్టాలి. రోలుకు కక్కు కొట్టే పని చూసినవాళ్ళకు ఇది వెంటనే తెలుస్తుంది. గట్టిరాతి గుండు చేతబట్టి, నిలువుగా, చిన్న చిన్న దెబ్బలు. ఒక్కో దెబ్బకు రాలేది చిటికెడు పొడి. తొందరపడి ఏటవాలుగా కొడితే పెచ్చు లేచిపోతుంది, గీత దాటి బొమ్మలోకి పోతుంది. పోయిన పెచ్చును మళ్ళీ అతికించలేం. అందుకే ముందు బొమ్మ చుట్టూ ఉన్న నేలను దించుకుంటూ వస్తారు, అంచును చివరికి వదిలేస్తారు.

తర్వాత ఇసుక, నీళ్ళు, అరగదీసే రాయి. ఇసుక పదునుగా ఉండాలి. అరిగి గుండ్రబడిన ఇసుక జారుతుందే తప్ప కొరకదు. నీళ్ళు లేకపోతే రాతిపొడి సందుల్లో నిండి అరగదీసే రాయి ఉత్తినే తిరుగుతుంది. మరీ ఎక్కువసేపు రుద్దినా చిక్కే, అంచులు కరిగి బొమ్మ సబ్బుముక్కలా అవుతుంది. చివరికి రంగు. ఇప్పుడు బూడిదరంగులో కనిపించే ఈ రాయికి అప్పట్లో ఎర్రటి నేల, పసుపుపచ్చని ఒళ్ళు, తెల్లటి ఎముకలు.

మధ్య అమెరికాలోని మరో ప్రాచీన జాతి మాయా. ఆ మాయా శిల్పుల ఇబ్బంది వేరు. వాళ్ళు ఎక్కువగా వాడిన సున్నపురాయి గనిలోంచి తీసిన కొత్తలో మెత్తగా ఉంటుంది, గాలి తగిలేకొద్దీ గట్టిపడుతుంది. ఆలస్యం చేస్తే పని పెరుగుతుంది. హోండురాస్‌లోని కోపాన్‌లో రాయి మెత్తనిదే కానీ, మధ్యలో చెకుముకి లాంటి గట్టి గడ్డలు తగులుతాయి. కొన్నిచోట్ల వాటిని అలాగే వదిలేశారు. ఇరవయ్యేళ్ళ కాలం పూర్తయినప్పుడు రాతిని గుడ్డతో చుట్టి కట్టడం వాళ్ళకు ఒక క్రతువు. దాని గురించి మరోసారి.

ఒక్క పని చెప్పి ముగిస్తాను. ఫోటోల్లో ఈ రాయిని గోడకు ఆనించినట్టు నిలబెట్టి చూపిస్తారు. అలా చూస్తే ఆవిడ పరుగెడుతున్నట్టో, నాట్యం చేస్తున్నట్టో ఉంటుంది. కానీ ఇది నేల మీద పడుకున్న రాయి. ఫోన్‌లో బొమ్మ తెరిచి, ఫోన్ నేల మీద పెట్టి, మీరు లేచి నిలబడి చూడండి. ముందు చెంప మీది మువ్వ వెతకండి. తర్వాత నడుముకు చుట్టిన రెండు తలల పాము, దానికి కట్టిన పుర్రె. తర్వాత మోకాళ్ళు, మోచేతులు: ప్రతి కీలు దగ్గరా కోరల మొహం ఉంటుంది. ఆఖరుగా తెగిన చోట్లు చూడండి. తొడల దగ్గర మాంసం అంచు అలలుగా చెక్కి ఉంటుంది, మధ్యలోంచి ఎముక పొడుచుకు వచ్చి ఉంటుంది.