పాతిక షాఫ్టు, ముప్పై బేరింగు

ఇదిగో, ఈ షాఫ్టు చూడండి, మెషిన్‌లో తిరిగే ఇనప కడ్డీ అన్నమాట. కెమెరాకి దగ్గరగా పెడతాను. నున్నగా ఉంది కదా? లేత్ మీద దీన్ని తిప్పిన టర్నర్ పనిలో వంక పెట్టడానికేం లేదు. వెర్నియర్ పెట్టి మందం కొలిస్తే సరిగ్గా 25 ఎం.ఎం. అయినా ఇది తుక్కే. దీన్ని పట్టి తిప్పడానికి తెచ్చిన బేరింగులు యూసీపీ 206 నంబరువి మరి. నంబర్లో చివరి రెండంకెల్ని ఐదుతో గుణిస్తే బోర్, అంటే షాఫ్టు దూరే రంధ్రం కొలత వస్తుంది, 04 నుంచి పైకి ఇదే లెక్క. అంటే 06కి 30 ఎం.ఎం. ముప్పైని పాతిక చేయొచ్చు గానీ పాతికని ముప్పై ఎలా చేస్తాం? వెల్డింగ్ పోసి మళ్లీ తిప్పొచ్చు అంటారు కొందరు. కొత్త మెషిన్‌కి అలా చేసి ఇస్తే ఆ కస్టమర్ మళ్లీ మన గడప తొక్కడు.

ఇది మన విజయవాడ ఆటోనగర్‌లో నాకు బాగా తెలిసిన ఓ చిన్న షెడ్డులో జరిగింది. డ్రాయింగు గీసింది నేనే. అందుకే ఈ ముక్కని ఇంకా టేబుల్ మీదే పెట్టుకున్నాను. క్లౌడ్‌లో డిజైన్ చేయడం మనకెందుకో ఈ ముక్కతోనే చెప్తాను.

గుంటూరు నుంచి ఓ వ్యాపారి ఎండుమిర్చి శుభ్రం చేసే చోట కన్వేయర్, అంటే సరుకు మోసుకెళ్లే బెల్టు మెషిన్ కావాలన్నారు. మొదట చిన్న బెల్టు అనుకున్నాం, షాఫ్టు పాతిక. వారం తర్వాత బెల్టు వెడల్పు పెంచమన్నారు. లోడు పెరిగింది, షాఫ్టు ముప్పైకి మార్చాను, పీడీఎఫ్ వాట్సాప్‌లో పంపాను. మొదటి దాని పేరు ‘ఫైనల్’. రెండోది ‘ఫైనల్ 2’. మధ్యలో ‘ఫైనల్ లేటెస్ట్’ అని ఇంకోటి కూడా ఉందని తర్వాత తేలింది. బేరింగులు కొన్నవాళ్లు కొత్తది చూశారు, లేత్ దగ్గర పాతది ఉంది. ఓనరు గారు ఫోన్ చేశారు.

"ఏమయ్యా, పాతికా, ముప్పయ్యా?"

"ముప్పై అండీ, మొన్ననే పంపాను కదా."

"మరి వీడి ఫోన్లో పాతికే ఉందేంటి!"

మళ్లీ రాడ్ తెచ్చి, తిప్పి, కీవే (తాళపు గాడి) కొట్టేసరికి నాలుగు రోజులు పోయాయి. మామూలప్పుడు నాలుగు రోజులంటే సర్దుకుంటారు. గుంటూరు మిర్చి యార్డుకి సరుకు పోటెత్తేదే ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా, మే వచ్చిందంటే యార్డుకి వేసవి సెలవులు. సీజన్లో నాలుగు రోజులు పోగొట్టుకున్న మనిషితో ఏం మాట్లాడతాం చెప్పండి.

క్లౌడ్‌లో, అంటే ఇంటర్నెట్‌లో ఉండే సర్వర్ మీద డిజైన్ చేయడం పెద్ద కంపెనీల సంగతి అని నేనూ అనుకునేవాణ్ని. అసలు విషయం చిన్నదే. మామూలు సాఫ్ట్‌వేర్‌లో డ్రాయింగు ఒక ఫైలు. పంపిన ప్రతిసారీ ఓ కాపీ పుడుతుంది, పుట్టిన కాపీకి అసలుది మారిన సంగతి తెలీదు. పెన్‌డ్రైవ్‌లో అసెంబ్లీ (పార్టుల్ని కలిపి చూపే ఫైలు) ఒక్కటే వేసుకెళ్తే అవతల సగం పార్టులు కనబడవు, ఆ గోల మీలో చాలామందికి అనుభవమే. ఆన్‌షేప్ లాంటి క్లౌడ్ డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో అసలు ఫైలే లేదు. మోడల్ సర్వర్లో ఉంటుంది, మనం బ్రౌజర్లోనో ఫోన్లోనో తెరిచి చూస్తాం. ఎవరు, ఎప్పుడు, ఏ కొలత మార్చారో అందులోనే నమోదవుతుంది.

ఇక్కడో ముచ్చట. 1995లో సాలిడ్‌వర్క్స్ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌ని తెచ్చి మనందరికీ ఫైళ్లు అలవాటు చేసిన జాన్ హిర్ష్‌టికే, పాత సహచరులతో కలిసి 2012లో ఈ ఆన్‌షేప్ కంపెనీ పెట్టాడు. 2019లో పీటీసీ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ దాన్ని కొనేసింది. తను పెట్టిన ఇబ్బందిని తనే తీర్చాడన్నమాట.

మన ఆటోనగర్ పనికి ఇది ఎక్కడ పనికొస్తుందంటే, మనవాళ్లు ఒకే మెషిన్‌ని వంద చేయరు. ఒకరికి హాపర్ (సరుకు పోసే తొట్టి) ఎత్తు కావాలి, ఒకరికి మోటారు ఎడమవైపు కావాలి, ఇంకొకరి గోడౌన్ గుమ్మం ఇరుకు. మూల డిజైన్ ఒకటి ఉంచి, ఒక్కో కస్టమర్‌కి ఒక్కో బ్రాంచ్, అంటే దాన్నుంచి చీలిన వేరే రూపం తీసుకుంటాం. మూడేళ్ల తర్వాత ఆయన ఫోన్ చేసి "రోలర్ పోయింది, అలాంటిదే పంపండి" అంటే, ఆ బ్రాంచ్ తెరిస్తే చాలు. ఇప్పుడు చేస్తున్నదేంటి? పాతది విప్పి కొలత తీసుకోవడానికి మనిషిని బస్సెక్కించి పంపడం.

చిక్కులూ ఉన్నాయి. ఆన్‌షేప్ ఉచిత ప్లాన్‌లో మీరు గీసినవన్నీ పబ్లిక్, ఎవరైనా తెరిచి చూడొచ్చు. పైగా అది వ్యాపారానికి వాడుకోవడానికి కాదు. ‘ఫ్రీ’ అని చూసి కస్టమర్ మెషిన్ అందులో గీసి తర్వాత లబోదిబోమన్నా లాభం లేదు. ఇంకోటి, అకౌంటు ఓనరు పేరున తెరవండి. డ్రాఫ్ట్స్‌మన్ సొంత మెయిల్‌తో తెరిచి, ఆ కుర్రాడు హైదరాబాద్ వెళ్లిపోయాక తల పట్టుకున్నవాళ్లు నాకు తెలుసు. నెట్ పోతే పని ఆగుతుంది కాబట్టి, రిలీజ్ చేసిన, అంటే ఇదే ఖాయం అని తేల్చిన డ్రాయింగులు డీఎక్స్ఎఫ్ ఫైళ్లుగా, మోడళ్లు స్టెప్ ఫైళ్లుగా మన దగ్గరా ఉండాలి.

అన్నిటికన్నా కష్టమైనది సైట్‌లో పని. మెషిన్ బిగించేటప్పుడు ఫిట్టర్ ఓ బ్రాకెట్ కోసి, రెండంగుళాలు పక్కకి జరిపి వెల్డింగ్ కొడతాడు. మెషిన్ మారుతుంది, క్లౌడ్‌కి తెలీదు. అందుకే ఆ షెడ్డులో ఇప్పుడు ఫిట్టర్లు ఫోటో తీసి నాకు పంపుతున్నారు, అదే రోజు మోడల్లో మార్చేస్తున్నాను. మొదట్లో విసుక్కున్నారు. పంపితేనే సైట్ బత్తా అని ఓనరు గారు అన్నాక ఫోటోలు వాటంతటవే వస్తున్నాయి.

లేత్ దగ్గర కూడా పీడీఎఫ్‌లు మానేశాం, యాప్ తెరిచి రిలీజ్ అయినదే చూసుకుంటారు. మా టర్నర్ బాబాయ్ మాత్రం ఫోన్లో కొలత చూసుకుని, చక్‌లో రాడ్ బిగించి, అప్పుడు నాకు ఫోన్ చేస్తాడు: "ముప్పయ్యేగా?"