రోడ్డు పక్కన పడిన ఉడత

శ్రోతలకు నమస్కారం.

తిరుపతిలో ఉడతను చూడాలంటే జూకి పోనక్కర్లేదు. యూనివర్సిటీ చెట్ల కింద కాసేపు కూర్చున్నా, కపిలతీర్థం దారిలో నాలుగడుగులు నడిచినా కనబడుతుంది. చిత్తూరు వైపు మామిడితోటల్లో అయితే కాయ పండిన సంగతి రైతుకంటే ముందు దానికే తెలుస్తుంది. మనకింత దగ్గరగా బతుకుతుంది గనకే మన రోడ్ల మీద దెబ్బలు తినడం కూడా ఎక్కువ. బండి తగిలో, కరెంటు తీగ మీద షాకు కొట్టో, పిల్లి నోట్లోంచి జారో, గాలివానకు గూటితో సహా రాలో మన కాళ్ల ముందు పడుతుంది. అట్లా పడినప్పుడు ఏం చెయ్యాలో, ఏం చెయ్యకూడదో ఈరోజు మాట్లాడుకుందాం.

నేను మాత్రం చెయ్యకూడనివాటి గురించే ఎక్కువ చెబుతాను. బండి దెబ్బకు తట్టుకున్న ఉడత ఆ తర్వాత మనం చేసే సేవకు తట్టుకోలేక చచ్చిపోవడం చాలాసార్లు జరుగుతుంది.

ముందు ఒక సందేహం తీర్చుకుందాం. ఉడత అంత చురుకైంది కదా, బండి కింద ఎందుకు పడుతుంది? రోడ్డు సగం దాకా వస్తుంది, గభాలున వెనక్కి తిరుగుతుంది, మళ్లీ ముందుకు ఉరుకుతుంది. చూసేవాళ్లకు తిక్కలా కనబడుతుంది గానీ అది దాని ప్రాణరక్షణ విద్య. డేగ పైనుంచి వాలేటప్పుడు, పిల్లి దూకేటప్పుడు, చివరి క్షణంలో దిక్కు మారిస్తే గురి తప్పుతుంది. తరతరాలుగా దాన్ని కాపాడింది ఆ వంకర పరుగే. బండి చక్రానికి గురి లేదు, అది తన దారిన తను వస్తుంది. పక్కకు తప్పుకున్న ఉడత మళ్లీ వెనక్కి తిరిగి దాని కిందికే పోతుంది. కాబట్టి ముందు ఉడత కనబడితే వేగం తగ్గించండి. హ్యాండిల్ మాత్రం ఒక్కసారిగా తిప్పకండి, మీరు పడతారు.

ఆ జాగ్రత్త బండి దిగేటప్పుడు కూడా ఉండాలి. తిరుపతి, చిత్తూరు మధ్య హైవే మీద లారీలు ఏ వేగంతో పోతాయో మీకు తెలుసు. ఇండికేటర్ వేసి, ఎడమ పక్కకు పూర్తిగా దింపి, వెనక చూసుకుని దిగండి. పిల్లలు వెంట ఉంటే వాళ్లను బండి దగ్గరే ఉంచండి.

దగ్గరికి పోయాక వెంటనే చెయ్యి పెట్టొద్దు. ఒక్క నిమిషం ఊరికే చూడండి. పక్క ఎగసి పడుతోందా, కళ్లు తెరిచి ఉన్నాయా, ముక్కులోంచి గానీ చెవిలోంచి గానీ నెత్తురు వస్తోందా, వెనక కాళ్లు ఈడుస్తోందా, తల ఒక పక్కకు వాల్చి గుండ్రంగా తిరుగుతోందా? ఇవన్నీ తర్వాత డాక్టరు అడుగుతారు. ఒక్కోసారి ఒంటి మీద గాయమే కనబడదు, ఉడత మాత్రం కదలదు. తలకు దెబ్బ తగిలి దిమ్మెరపోయి ఉంటుంది. అట్లాంటివి కొన్ని, చీకట్లో కదిలించకుండా ఉంచితే, గంటా రెండు గంటల్లో తేరుకుంటాయి. కదలడం లేదని చచ్చిందనుకుని వదిలేసి రావొద్దు.

ఎత్తడానికి తువ్వాలు కావాలి. భుజం మీదిదైనా సరే, చున్నీ అయినా నాలుగు మడతలు వేస్తే సరే. తలతో సహా కప్పేసి, గుడ్డతో పాటుగా రెండు చేతులా ఎత్తండి. తోక పట్టి ఎత్తకూడదు, ఉడత తోక చర్మం ఊడి వచ్చేస్తుంది. ఒట్టి చేత్తో కూడా వద్దు. దాని ముందరి పళ్లు చెనక్కాయ తొక్క చీల్చేవి, మన వేలు వాటికో లెక్క కాదు. భయంతో కరుస్తుంది, అందులో దాని తప్పేమీ లేదు. కరిస్తే ఆ చోట సబ్బుతో, ధారగా పడే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడగండి. ఉడతల్లో రేబిస్ చాలా అరుదు. అయినా సూదిమందు కావాలా వద్దా అన్నది మీరూ నేనూ తేల్చేది కాదు. రుయాకో, దగ్గర్లోని ఆసుపత్రికో పోయి చూపించుకోండి, టెటనస్ సంగతి కూడా అక్కడే అడగండి.

తర్వాత పెట్టె. చెప్పుల అట్టపెట్టె చాలు. మూతకు పెన్నుతో నాలుగైదు చిల్లులు పొడవండి, అడుగున పాత నూలుగుడ్డ పరవండి. పోగులు లేచిన టర్కీ టవలు అడుగున పరిస్తే గోళ్లు చిక్కుకుంటాయి. పక్షుల పంజరం అసలు వద్దు. నాలుగు వైపులా మనుషులు కనబడుతుంటే ఉడత గుండె ఆగకుండా దడదడలాడుతుంది, ఊచలకు తల కొట్టుకుంటుంది. మూత పడి చీకటైతే అదే తగ్గుతుంది. ఆ చీకటే దానికి మొదటి మందు.

ఉడతను నిమరడం గురించి ఒక మాట. సేతువు కట్టేటప్పుడు రాముడు వీపు నిమిరితే మూడు చారలు పడ్డాయని చిన్నప్పటి నుంచీ వింటున్నాం. మన దక్షిణాదిలో ఎక్కువగా ఉండేది మూడు చారల ఉడతే. ఉత్తరాదిలో కనబడేది ఐదు చారలది, అక్కడ స్వామి ఐదు వేళ్లూ వాడాడేమో మరి! కథ కథే. మనం నిమిరితే మాత్రం అది ఊరటపడదు. దాని లెక్కలో పెద్ద జంతువు చెయ్యి వేసిందంటే తినబోతున్నట్టే. కదలకుండా పడి ఉంటే మనమేమో మచ్చికైందని మురిసిపోతాం. అది భయంతో బిగుసుకుపోయి ఉంటుంది. ఫోటోలు, వీడియోలు, వీధి పిల్లలందరికీ మూత తీసి చూపించడాలు కూడా ఈ లెక్కలోకే వస్తాయి.

ఇక నీళ్ల సంగతి. ఉడత కింద పడగానే చుట్టూ నలుగురు చేరతారు. ఎవరో బాటిల్ మూత తీస్తారు. "పాపం, నోరు ఎండిపోయుండాది, రెండు చుక్కలు పొయ్యి నాయనా" అని పక్కన పూలమ్మే అవ్వ అంటుంది. ఆ మాటలో ఉన్నదంతా ప్రేమే. కానీ స్పృహ సరిగా లేని ప్రాణికి మింగడం చేతకాదు. పోసిన నీళ్లు కడుపులోకి పోవు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. అప్పటికప్పుడు ఉక్కిరిబిక్కిరై పోవచ్చు, లేదా రెండు రోజులకు న్యుమోనియా వచ్చి పోవచ్చు. మనిషి సొమ్మసిల్లినా నోట్లో నీళ్లు పొయ్యొద్దనే కదా చెబుతారు! ఉడత పూర్తిగా తేరుకుని, తల నిలిపి, నాలుగు కాళ్ల మీద నిలబడ్డాక, లోతులేని మూతలో కాసిని నీళ్లు పెట్టి వదిలేయండి. తాగాలనిపిస్తే అదే తాగుతుంది.

ఆవుపాలు, ప్యాకెట్ పాలు ఏ వయసు ఉడతకైనా వద్దే వద్దు. అరగవు, విరేచనాలు పట్టుకుంటాయి, ఒంట్లో నీరంతా పోతుంది. పెద్ద ఉడత బరువు వంద గ్రాములు, అటూ ఇటూగా. ఒక టీస్పూను పాలు దానికి పట్టించడమంటే అరవై కిలోల మనిషికి మూడు లీటర్లు పట్టించినట్టు. ఈ వంద గ్రాముల సంగతి గుర్తు పెట్టుకుంటే మిగతావన్నీ అర్థమవుతాయి. దాని ఒంట్లో ఉండే నెత్తురంతా కలిపి ఏడు మిల్లీలీటర్లు, టీస్పూనున్నర కూడా పూర్తిగా ఉండదు. మన కంటికి "రవ్వంత కారింది" అనిపించే నెత్తురు దానికి ప్రాణాపాయం. కారుతూ ఉంటే శుభ్రమైన గుడ్డతో మెత్తగా అదిమి పట్టుకోండి. పసుపు, కాఫీపొడి అద్దకండి. గాయం శుభ్రం చెయ్యడానికి డాక్టరు ముందు వాటినంతా గీకాల్సి వస్తుంది, ఆ నొప్పి ఉడతకే. మన ఇంట్లో ఉండే నొప్పి మాత్ర కూడా అంతే. మనిషి మోతాదులో దానికి సరిపోయేది ఆరు వందల వంతు. అంత ముక్క ఎవరు తుంచగలరు?

వేడి విషయంలో మాత్రం కాలాన్ని బట్టి పోవాలి. దెబ్బ తిన్న ప్రాణికి ఒళ్లు చల్లబడుతుంది, వెచ్చగా ఉంచాలి అంటారు, నిజమే. మార్గశిరంలో, వాన రోజుల్లో అయితే సీసాలో గోరువెచ్చటి నీళ్లు పోసి, గుడ్డ చుట్టి, పెట్టెలో ఒక పక్కగా పెట్టండి. వేడెక్కితే అవతలి పక్కకు జరిగే చోటు ఉండాలి. నలభై డిగ్రీలు దాటే మన మే నెలలో ఆ పని చేస్తే ఉడికిపోతుంది. అప్పుడు కావలసింది నీడ. పెట్టెను ఎండలో బండి ట్యాంకు మీద పెట్టుకుని ఊరంతా తిరగకండి, అద్దాలు మూసిన కారులో వదిలి టీకి దిగకండి.

పిల్లి పట్టిన ఉడత అయితే ఆలస్యం పనికిరాదు. చూడ్డానికి బాగానే ఉంటుంది, రెండు సూది గుచ్చుల్లాంటి చిల్లులు ఉంటాయి, బొచ్చులో అవీ కనబడవు. కానీ పిల్లి ఎంగిలిలో పాశ్చురెల్లా అనే బ్యాక్టీరియా ఉంటుంది. పైన చర్మం మూసుకుపోతుంది, లోపల చీము పట్టి విషమిస్తుంది. సాయంత్రం హుషారుగా గెంతిన ఉడత ఎల్లుండికి ఉండదు. యాంటీబయాటిక్ పడాలి, అదీ ఆరోజే పడాలి.

ఎక్కడికి తీసుకుపోవాలి? ఈ విషయంలో తిరుపతివాళ్లు అదృష్టవంతులు. ఇక్కడి వెటర్నరీ కాలేజీ 1955 నుంచీ ఉంది, ఇప్పుడు శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయంలో భాగం. మిగతా ఊళ్లలో పశువైద్యశాల ఉంటుంది, కుక్కలకు పిల్లులకు వైద్యం చేసే ప్రైవేటు డాక్టర్లు ఉంటారు. పోయే ముందు ఫోను చేసి ఉడతను చూస్తారా అని అడగండి. ఆవులు, మేకలు చూసే చెయ్యి వంద గ్రాముల ప్రాణికి సూది వెయ్యడానికి వెనకాడడంలో వింత లేదు. కొందరు నేరుగా జూకే పోదామంటారు. 1987లో మొదలైన మన జూ దగ్గర రెస్క్యూ సెంటర్ ఉన్న మాట నిజమే. అది సర్కస్‌ల నుంచి విడిపించిన సింహాలకు, పులులకు పెట్టింది. దారిలో దొరికిన ఉడతకు ముందు అటవీశాఖవాళ్లకు ఫోను చేసి, వాళ్లు చెప్పినట్టు చెయ్యడం మంచిది. డాక్టరుకు ఏ చోట, ఏ వేళకు దొరికిందో, మీరు ఏమైనా తాగించారో తినిపించారో ఉన్నదున్నట్టు చెప్పండి. తిడతారని దాచొద్దు.

పిల్లల సంగతి వేరు. ఆడ ఉడత ముప్పై నాలుగు రోజులు మోసి, రెండో మూడో పిల్లల్ని పెడుతుంది. కొబ్బరి పీచు, గడ్డి, దూది, మన పాత గుడ్డపీలికలు తెచ్చి గూడు కడుతుంది. చెట్టు కొట్టినప్పుడు, ఏసీ బయటి డబ్బా బాగుచేసినప్పుడు, గాలివాన వచ్చినప్పుడు అవి కింద పడతాయి. చాలామంది వెంటనే ఇంటికి తీసుకుపోయి సిరంజితో పాలు పట్టడం మొదలుపెడతారు. ఆగండి. తల్లి అక్కడే ఎక్కడో కొమ్మ మీద ఉండి అరుస్తూ ఉంటుంది. మనిషి చెయ్యి తగిలితే ముట్టుకోదన్న మాట నిజం కాదు. పిల్ల చల్లబడి ఉంటే మాత్రం తీసుకుపోకపోవచ్చు. అందుకే ముందు పిల్లను గుడ్డలో చుట్టి వెచ్చబరచండి. తర్వాత చిన్న బుట్టలో పెట్టి అదే చెట్టుకు, కుక్కకు అందని ఎత్తులో కట్టండి. చీమలు చూసుకోండి, ఎర్రచీమలు పట్టాయంటే పిల్లిదాకా పోనక్కర్లేదు. మీరు దూరంగా, కనబడకుండా ఉండాలి. నలుగురు చుట్టూ నిలబడి "వస్తుందా, రాదా" అని చూస్తుంటే ఏ తల్లి దిగుతుంది? వస్తే ఒక్కో పిల్లనే నోట కరుచుకుని ఇంకో గూటికి చేరుస్తుంది. రెండు మూడు గంటలు సమయం ఇవ్వండి. ఉడత పగటి జీవి, చీకటి పడితే రాదు. రాత్రికి పిల్లను వెచ్చగా దాచి, తెల్లవారగానే మళ్లీ అదే చోట పెట్టండి.

అప్పటికీ తల్లి రాకపోతే అప్పుడు డాక్టరు. ఏ పాలు, ఎన్ని చుక్కలు, ఎన్ని గంటలకు అన్నది పిల్ల బరువు చూసి వాళ్లే చెప్పాలి. పట్టేటప్పుడు పసిబిడ్డలా వెల్లకిలా పడుకోబెట్టకండి, బోర్లా ఉంచండి. ముక్కులో బుడగ కనబడితే ఆపేయండి. కళ్లు తెరవని పిల్ల తనంతట తాను ఒంటికి కూడా పోలేదు. తల్లి నాకి పోయిస్తుంది, మనం తడి దూదితో మెల్లగా తుడవాలి. ఇది తెలియక పొట్ట ఉబ్బి పోయిన పిల్లలు ఎన్నో. పాలు పూర్తిగా మానడానికి పది వారాలు పడుతుంది. రాత్రీ పగలూ చేసే పని అది, సరదాకు మొదలుపెట్టేది కాదు.

బతికాక పెంచుకుందాం అనే ఆశ పుడుతుంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం అడవి ప్రాణుల్ని కాపాడమనే చెబుతుంది, పట్టి పంజరంలో పెట్టుకోమని కాదు. చట్టం సంగతి అట్లా ఉంచినా, దాని ఒళ్లే ఒప్పుకోదు. ఉడత ముందరి పళ్లు బతికున్నంత కాలం పెరుగుతూనే ఉంటాయి. బెరడు, గింజలు కొరికి అరగదీసుకుంటుంది. బిస్కెట్లు, ఉత్త చెనిక్కాయలు పెట్టి ఇంట్లో పెంచిన ఉడతకు పళ్లు పెరిగి నోరు మూతపడదు, కాల్షియం చాలక ఎముకలు వంగుతాయి.

కోలుకున్న పెద్ద ఉడతను దొరికిన చోటే వదలండి. రోడ్డుకు రవ్వంత లోపలగా, చెట్టు మొదట్లో, పొద్దున పూట. తన చెట్లు, తన గూడు, తాగే చోటు దానికి తెలిసింది అక్కడే. కొండ మీద అడవి బాగుంటుంది గదా అని అలిపిరి దాటించి వదిలితే, అక్కడి ఉడతలు తరుముతాయి, తిండి ఎక్కడో తెలియదు. చేత్తో పెంచిన పిల్ల అయితే ఒక్కసారిగా వదలకూడదు. పంజరాన్ని చెట్టుకు కట్టి, కొన్నాళ్లు అక్కడే తిండి పెట్టి, తర్వాత తలుపు తీసి ఉంచాలి. పోయి వస్తూ ఉంటుంది, ఒకరోజు రావడం మానేస్తుంది. తిండి మాత్రం ఇంకో వారం అక్కడ పెడుతూ ఉండండి.

సెలవు.