తప్పిపోయిన వాయిదా

అందరికీ నమస్కారం. అమెరికాలో కోర్టు వాయిదా తప్పితే ఏమవుతుందో ఇవాళ ఒకావిడ కథతో చెప్తాను, ఆవిడ పేరు నాకు తెలీదు, నేను చదివిన రిపోర్టులో పేరు రాయలేదు. అమెరికాలో మిస్సోరి రాష్ట్రంలో ఫెర్గూసన్ అని చిన్న ఊరు, సెయింట్ లూయిస్ పక్కన, అప్పట్లో జనాభా 21,000 దాకా. 2007లో ఆవిడ కారు పెట్టకూడని చోట పెట్టింది. ఒక్కసారి. రెండు టికెట్లు, అంటే ఫైను చీటీలు, రాశారు, 151 డాలర్ల ఫైను, పైన ఫీజులు.

డబ్బుల్లేవు. మధ్యలో ఉండటానికి ఇల్లు కూడా లేని రోజులున్నాయి. కిస్తీలు తప్పాయి, వాయిదాలు తప్పాయి. 2010 వచ్చేసరికి కోర్టుకి రాలేదని, డబ్బు కట్టలేదని ఆవిడ మీద ఏడు కేసులు, ఏడుసార్లూ వారంటు, ఏడుసార్లూ కొత్త ఫైను. ఒకసారి 25 డాలర్లు, ఇంకోసారి 50 డాలర్లు కట్టబోతే మొత్తం కడితేనే తీసుకుంటాం అని తిప్పి పంపేశారు. రెండుసార్లు అరెస్టయింది, ఆరు రోజులు జైల్లో ఉంది. 2014 డిసెంబరు నాటికి 550 డాలర్లు కట్టింది, ఇంకా బాకీ ఎంతో తెలుసా, 541. మళ్ళీ చెప్తాను, 151 డాలర్ల ఫైనుకి 550 కట్టాక ఇంకా 541 బాకీ. 2015 మార్చిలో అమెరికా న్యాయశాఖ ఇచ్చిన రిపోర్టులో ఉందిది. చదివాక చాలాసేపు ఇంకో పేజీ తిప్పలేకపోయాను.

ఆవిణ్ణి అన్నేళ్ళు వెంటాడిన కాగితాన్ని అక్కడ బెంచ్ వారంట్ అంటారు. జడ్జి గారు కూర్చునే చోటే బెంచ్. రమ్మన్న రోజు మనిషి రాకపోతే అక్కడి నుంచే ఆర్డరేస్తారు, పట్టుకొచ్చి నా ముందు నిలబెట్టండి అని. మన కోర్టుల్లో ఎన్‌బీడబ్ల్యూ, అంటే నాన్‌బెయిలబుల్ వారంట్, అంటామే, దానికి దగ్గర చుట్టం. మామూలు అరెస్ట్ వారంటుకైతే ఫలానా నేరం ఫలానా మనిషి చేశాడని పోలీసులు ఆధారాలు చూపించాలి, దీనికి అదేం అక్కర్లేదు, వాయిదాకి రాలేదు, ఫైను కట్టలేదు, ప్రొబేషన్ (జైలుకి పంపకుండా షరతుల మీద బయట ఉంచడం) షరతు తప్పారు, చాలు.

ఇది పడగానే పోలీసులొచ్చి తలుపు కొడతారనుకుంటాం. చిన్న కేసుల్లో చాలాసార్లు ఎవరూ రారు. కంప్యూటర్లో పేరెక్కుతుంది, అంతే, అక్కడే కూర్చుంటుంది. కోర్టు రద్దు చేసేదాకా మామూలుగా పోదు. ఎప్పుడో మూడేళ్ళకి, రాత్రిపూట బ్రేక్ లైటు వెలగట్లేదని ఆపి లైసెన్స్ నంబర్ కొడితే బయటపడుతుంది, పిల్లలు వెనక సీట్లో నిద్రపోతుంటారు, వాళ్ళ ముందే చేతులకి బేడీలు. కొన్ని వారంట్ల మీద బెయిల్ ఎంతో ముందే రాసుంటుంది, కడితే వదిలేస్తారు, కొన్నిటి మీద బెయిల్ లేదనే ఉంటుంది, అప్పుడు జడ్జి ముందుకి తీసుకెళ్ళేదాకా లోపలే, శుక్రవారం రాత్రి దొరికితే శనాదివారాలు అక్కడే గడిచిపోవచ్చు.

ఫెర్గూసన్ కోర్టు ఇచ్చిన ఇలాంటి వారంట్లు 2014 చివరికి 16,000 మందికి పైగా జనం మీద ఉన్నాయి, మరుసటి ఏడాది 2015 ఆగస్టులో కొత్తగా వచ్చిన జడ్జి అవన్నీ వెనక్కి తీసుకున్నారు.

రానివాళ్ళంతా పారిపోయినవాళ్ళే అనుకోవడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది. న్యూయార్క్‌లో ఏం చేశారంటే, టికెట్ కాగితం మీద వాయిదా తేదీ, కోర్టు అడ్రసు పైకి తెచ్చి పెద్దగా అచ్చేశారు. అంతే. రానివాళ్ళు 13 శాతం తగ్గారు. ఫోన్‌కి గుర్తుచేస్తూ మెసేజ్‌లు పంపితే 21 శాతం తగ్గారు. 2020లో ఈ లెక్కలు సైన్స్ అనే పరిశోధన పత్రికలో వేశారు. అంటే చాలామంది మర్చిపోయినవాళ్ళు. ఇంకొంతమంది భయపడినవాళ్ళు, చేతిలో డబ్బుల్లేకుండా వెళ్తే లోపలేస్తారేమో అని. ఆ భయం గురించి ఒక మాట, నిజంగా కట్టలేని మనిషిని, ఎందుకు కట్టలేదో విచారించకుండా జైల్లో పెట్టకూడదని అమెరికా సుప్రీంకోర్టు 1983లోనే చెప్పింది. జేబులో డబ్బుల్లేకపోయినా వాయిదాకి వెళ్ళండి. డబ్బుల్లేకపోయినా వెళ్ళండి.

అక్కడ ఉంటున్న మీ పిల్లలకో చుట్టాలకో వాయిదా తప్పిందనుకోండి, వాళ్ళకి ఇదొక్కటి చెప్పండి, పోలీసులకి దొరకకముందే వాళ్ళంతట వాళ్ళే కోర్టుకి వెళ్ళాలి. లాయరు చేత వారంట్ రీకాల్ చెయ్యమని, అంటే వెనక్కి తీసుకోమని, మోషన్ (అర్జీ) వేయించొచ్చు, ఆస్పత్రిలో ఉండి రాలేకపోతే ఆ కాగితాలు పట్టుకెళ్ళాలి. స్వయంగా వచ్చినవాళ్ళని జడ్జీలు వేరేగా చూస్తారు, చాలాసార్లు కొత్త తేదీ ఇచ్చి పంపిస్తారు. అయితే తప్పకుండా వదిలేస్తారని నేను మాటివ్వలేను, పెద్ద కేసైతే ముందు లాయర్ని కలిసే వెళ్ళాలి. చిన్న ట్రాఫిక్ టికెట్ అయితే మర్నాడు పొద్దున్నే కోర్టు క్లర్కుకి ఫోన్ చేసి మూడు అడగాలి: నా పేరు మీద వారంట్ ఉందా, ఉంటే బెయిల్ ఎంత, జడ్జి గారి ముందుకి నేనే ఎప్పుడు రావచ్చు. ఫోన్ చేసే ముందు టికెట్ పక్కన పెట్టుకోమనండి, దాని మీదున్న నంబరే వాళ్ళు మొదట అడిగేది.