టెంట్ లోపల తడి వస్తోందా? కడగడం, కుట్లు, పూత, జిప్పు, పోల్ అన్నీ చేసి చూపిస్తున్నా

అందరికీ నమస్తే. ఇవాళ టేబుల్ మీద ఉన్నది ఇద్దరు పడుకునే డోమ్ టెంట్. పాలిస్టర్ గుడ్డ, ఫైబర్ పోల్స్. అనంతగిరి వెళ్లినా, వంజంగి వెళ్లినా మనకి ఎక్కువగా కనిపించేది ఈ రకమే. దీనికి రోగాలు మూడు నాలుగున్నాయి. నీళ్లు ఆపే లోపలి పూత జిగురైపోయింది, కుట్ల మీద టేప్ లేచిపోయింది, జిప్పు పట్టట్లేదు, ఒక పోల్ చీలింది. అన్నీ బాగు చేద్దాం, వరసగా.

కుట్లకి రాసే జిగురు కొనడానికి బజారుకి పోయేముందు ఒకటి తేల్చుకోవాలి. తడి కనిపించగానే టెంట్ కారుతోంది అనేసుకోకండి. లంబసింగిలో చలికాలం టెంట్ వేస్తే, చుక్క వాన లేకపోయినా పొద్దున్నే పై షీటు లోపల వేలు పెడితే నీళ్లు. అది మన ఊపిరిలో ఆవిరే. చల్లటి గుడ్డకి తగిలి నీరైపోయింది, అంతే. తేడా ఎలా తెలుస్తుందంటే, షీటు మొత్తం చెమట పట్టినట్టు సమంగా తడిసి ఉంటే అది ఆవిరి. కుట్టు వెంబడి గీతలాగా, లేదంటే ఏదో ఒక మూలలోనే తడి ఉంటే అది కారడం. ఆవిరికి జిగురు పని చెయ్యదు, గాలి కావాలి. పైన వెంట్ తెరవాలి, పై షీటుకీ లోపలి గుడ్డకీ మధ్య సందు ఉండేలా తాళ్లు బిగించి కట్టాలి. రెండూ ఆనుకున్నాయంటే ఆ నీళ్లు లోపలికి దిగుతాయి.

సరే, కడగడం. ఇది గబగబా చెప్పేస్తా. వాషింగ్ మెషిన్ వద్దు. తిప్పుడుకి దోమతెర చిరుగుతుంది, కుట్ల టేప్ లేస్తుంది. బట్టల పౌడర్ వద్దు, బ్లీచింగ్ అసలే వద్దు. పౌడర్ ఎందుకు వద్దంటే, అది గుడ్డలో కొంచెం మిగిలిపోతుంది, ఆ మిగిలింది నీళ్లని గుడ్డలోకి లాగుతుంది. మనం చేసేదానికి సరిగ్గా ఉల్టా. ఇలాంటి గుడ్డలు కడిగే ద్రవం, నిక్‌వాక్స్ టెక్ వాష్ లాంటిది వాడండి, కొలత సీసా మీద ఉంటుంది. గోరువెచ్చని నీళ్లు, మెత్తటి స్పాంజి. బకెట్‌లో నానబెట్టి పిండకండి, పరిచి తుడవండి. ఇదిగో, ఇలా. జిప్పులన్నీ వేసే కడగండి. తర్వాత సబ్బు పోయేదాకా మంచినీళ్లతో రెండు మూడు సార్లు.

ఆరబెట్టడం నీడలోనే. ఏప్రిల్ ఎండలో డాబా మీద పరిస్తే తొందరగా ఆరుతుంది, నిజమే, కానీ ఎండకి నైలాన్ అయినా పాలిస్టర్ అయినా బలం తగ్గుతుంది. పైగా సిమెంటు గోడకి రాసుకుని పూత గీరుకుపోతుంది. వరండాలో తాడు మీద వేసి ఫ్యాన్ పెట్టండి చాలు. మూలలు, మడతలు, తాళ్లు కట్టే ఆ చిన్న పట్టీలు ఉంటాయి చూడండి, అవి లేటుగా ఆరతాయి. వేలితో నొక్కి చూడండి.

ఇప్పుడు అసలు సంగతి. ఇక్కడ మాత్రం కాస్త నెమ్మదిగా వెళ్దాం, ఎందుకంటే ఇక్కడ తప్పు చేస్తే డబ్బులు, జిగురు, టెంట్ మూడూ పోతాయి. మీ టెంట్‌కి ఉన్నది ఏ పూత? పీయూనా, సిలికానా? పీయూ అంటే పాలీయూరిథేన్. రెండింటికీ జిగుర్లు వేరు. సిలికాన్ మీద పీయూ జిగురు నిలవదు. ఆరినంతసేపు బాగానే కనిపిస్తుంది, మొదటి వానకి పొరలాగా ఊడొస్తుంది. పీయూ మీద సిలికాన్ రాశారనుకోండి, అది ఇంకా ఇబ్బంది. గట్టిగా పట్టదు, పూర్తిగా పోదు. ఆ చోట తర్వాత వేరే ఏ జిగురూ, ఏ టేపూ అంటుకోదు.

ఎలా కనుక్కోవాలి? షీటు తిరగేయండి. ఇదిగో, కుట్టు మీద సన్నటి పారదర్శకమైన టేప్ కనిపిస్తోందా? ఫ్యాక్టరీలో వేడితో అతికించిన టేప్ ఇది. ఇది ఉందంటే లోపలి వైపు పీయూ. బయటి వైపు సిలికాన్ ఉన్నా సరే, లోపల పీయూనే. మనకి కావాల్సింది లోపలి వైపే. టేప్ లేకుండా కుట్టు బోసిగా ఉండి, గుడ్డ రెండు వైపులా జారుడుగా ఉంటే సిలికాన్ కావచ్చు. కావచ్చు అన్నాను, గమనించండి. చవక టెంట్లలో పీయూ అయినా టేప్ వెయ్యకుండా వదిలేస్తారు. అందుకే అనుమానం ఉంటే చుక్క పరీక్ష. అంచు మడతలో, కుట్టుకి దూరంగా, ఎవరికీ కనిపించని చోట పీయూ జిగురు ఒక చుక్క, ఒక జానెడు ఎడంగా సిలికాన్ ఒక చుక్క. రాత్రంతా వదిలేయండి. పొద్దున్నే గోటితో గీకండి. ఒకటి పొక్కులాగా లేచిపోతుంది, ఒకటి గుడ్డతోనే ఉంటుంది. ఉన్నదే మీ జిగురు. చూశారా, ఈ టెంట్‌కి సిలికాన్ చుక్క లేచిపోయింది. కాబట్టి మనది పీయూ.

పీయూ అని తేలింది. ఇప్పుడు ఈ జిగురుతనం చూడండి, షీటు మడత విప్పుతుంటే చర్రుమని శబ్దం వస్తోంది, ఒకరకమైన పులిసిన వాసన. పీయూకి తేమ తగిలి తగిలి అది విరిగిపోతుంది, అదే రోగం. తడి టెంట్‌ని సంచిలో కుక్కి అటక మీద పడేస్తే వేసవిలో ఆ వేడి, వర్షాకాలంలో ఆ చెమ్మ, రెండూ కలిసి పని కానిచ్చేస్తాయి. విరిగిన పూత మీద కొత్త పూత వేస్తే పాతది ఊడుతూ కొత్తదాన్ని కూడా పట్టుకుపోతుంది. కాబట్టి ముందు పాతది తీసెయ్యాలి.

ఐసోప్రొపైల్ ఆల్కహాల్, 70 శాతంది మెడికల్ షాపులో దొరుకుతుంది. కిటికీలు తెరవండి, గ్లవ్స్ వేసుకోండి, దగ్గర్లో స్టవ్ గానీ అగరొత్తి గానీ వెలగకూడదు. ముందు ఒక మూలలో రుద్ది రంగు పోతోందేమో చూసుకోండి. టైల్స్ మీద షీటు పరిచి, పూత వైపు పైకి పెట్టి, గిన్నెలు తోమే పచ్చ స్క్రబ్బర్ తడిపి ఒక్కో జానెడు చోటు రుద్దండి. ఇలా ఉండలు ఉండలుగా వస్తుంది. వచ్చేది రానివ్వండి. గట్టిగా పట్టుకుని ఉన్న పూత జోలికి పోవద్దు, అది బాగున్నట్టే. షీటు మొత్తం, కింది ఫ్లోర్ మొత్తం జిగురైపోయి ఉంటే మాత్రం నా సలహా, ఆ గుడ్డ మీద ఖర్చు పెట్టకండి. పోల్స్, మేకులు దాచుకుని కొత్త టెంట్ చూసుకోండి.

లేచిన కుట్ల టేప్ కూడా అంతే. ఊడేదంతా పీకేసి, మిగిలిన జిగురు ఆల్కహాల్‌తో తుడిచెయ్యండి.

ఇక కుట్లు. షీటుని లోపలిది బయటికి తిప్పి పోల్స్ మీద వేసి బాగా బిగించి కట్టండి. బిగిస్తే సూది రంధ్రాలు విచ్చుకుంటాయి, జిగురు లోపలికి దిగుతుంది. వదులుగా ఉన్న గుడ్డకి రాస్తే తర్వాత బిగించినప్పుడు రంధ్రం మళ్లీ తెరుచుకుంటుంది. పీయూకి గేర్ ఎయిడ్ వాళ్ల సీమ్ గ్రిప్ డబ్ల్యూపీ, సిలికాన్‌కి సీమ్ గ్రిప్ ఎస్ఐఎల్. సిలికాన్ టెంట్ వాళ్లకి చవక దారి ఉంది: హార్డ్‌వేర్ షాపులో 100 శాతం సిలికాన్ సీలెంట్, పెయింట్ షాపులో మినరల్ టర్పెంటైన్. ఒక వంతు సీలెంట్‌కి రెండు వంతుల టర్పెంటైన్‌తో మొదలుపెట్టి, బ్రష్ సాఫీగా నడిచేదాకా కలపండి.

నాకు ట్యూబ్ కంటే 10 మి.లీ. సిరంజి ఇష్టం, సూది తీసేసి. జిగురు ఎక్కడ ఎంత పడాలో అంతే పడుతుంది. కుట్టు మీద సన్నగా గీత పెట్టి, గట్టి కుచ్చు ఉన్న చిన్న బ్రష్‌తో సెంటీమీటరు వెడల్పుకి సాగదీయండి. పల్చగా. మందంగా రాస్తే ఎక్కువ ఆపుతుందనుకుంటారు, కానీ మందపాటిది మడతలో పగులుతుంది. తాళ్లు కుట్టిన చోట్లు, మూలలు మర్చిపోవద్దు, సగం లీకులు అక్కడే. మిగిలిన ట్యూబ్‌ని మూత బిగించి, కవర్లో పెట్టి ఫ్రీజర్‌లో పెట్టండి. బయట పెడితే గట్టిపడిపోతుంది.

ఒక రాత్రి ఆరనివ్వండి. తర్వాత కుట్ల మీద టాల్కమ్ పౌడర్ చల్లి దులపండి, మడతలో ఒకదానికొకటి అంటుకోదు. పూత తీసేసిన చోట్లకి గుడ్డ మీద పూతలా వేసే సీమ్ గ్రిప్ టీఎఫ్, ఫోమ్ బ్రష్‌తో ఒక్క పల్చటి కోటింగ్. దీనికీ ఒక రోజు.

అన్నీ అయ్యాకే బయటి వైపు వాటర్ రిపెల్లెంట్ స్ప్రే. వరస మార్చకండి. ముందే స్ప్రే కొట్టేస్తే జిగురు కూడా పట్టదు, నీళ్లనీ జిగురునీ స్ప్రే ఒకేలా తోసేస్తుంది. నిక్‌వాక్స్ సోలార్‌ప్రూఫ్ అయితే తడి గుడ్డ మీదే కొట్టాలి. రెండు నిమిషాలాగి ఎక్కువైంది తడిబట్టతో తుడవాలి, లేకపోతే తెల్లటి మరకలు.

చిరుగు గబగబా. టెనేషియస్ టేప్ అని, చిరుగుల మీద అతికించే టేప్ ముక్క, చిరుగు చుట్టూ రెండున్నర సెంటీమీటర్లు ఎక్కువ ఉండేలా. మూలలు గుండ్రంగా కత్తిరించండి, కోణం ఉంటే అక్కడి నుంచే లేస్తుంది. ఆల్కహాల్‌తో తుడిచి, ఆరాక, రెండు వైపులా అతికించి గట్టిగా రుద్దండి. సిలికాన్ గుడ్డకి ఈ టేప్ నిలవదు, దానికి సిలికాన్ జిగురుతో సిల్‌నైలాన్, అంటే సిలికాన్ పూత ఉన్న నైలాన్ ముక్కే.

జిప్పు. పళ్లు బాగానే ఉన్నాయి, స్లైడర్ వెళ్లాక వెనకాల తెరుచుకుంటోంది. అంటే స్లైడర్ అరిగి నోరు వెడల్పయింది. ముందు పాత టూత్‌బ్రష్‌తో దుమ్ము దులపండి. తర్వాత కటింగ్ ప్లేయర్ ముక్కుతో స్లైడర్ వెనక చివర, ఇదిగో మూసుకున్న పళ్లు బయటికొచ్చే వైపు, ఎడమ అంచు కొంచెం, కుడి అంచు కొంచెం. నొక్కి, లాగి చూసి, మళ్లీ కొంచెం. ఒకేసారి నొక్కితే విరుగుతుంది, మెత్తటి లోహం. రెండు మూడు సార్లకి కుదరకపోతే స్లైడర్ మార్చండి, వెనకాల 5 అనో 8 అనో అచ్చు ఉంటుంది, అదే సైజు. కొబ్బరి నూనె మాత్రం రాయకండి, ఇసుకంతా దానికే అంటుకుంటుంది.

ఫైబర్ పోల్ చీలితే ఒట్టి చేత్తో తాకొద్దు, సన్నటి ముళ్లలాంటి నారలు గుచ్చుకుంటాయి. పొడవునా చీలిన ముక్కని అతికించలేం, అదే మందం ముక్క కొని మార్చడమే. 7.9, 8.5 మిల్లీమీటర్లు మామూలు సైజులు, కొలిచి తీసుకోండి. మడిచేటప్పుడు చివర నుంచి కాకుండా మధ్య నుంచి మొదలుపెట్టండి, లోపలి ఎలాస్టిక్ తాడు మీద లాగుడు సమంగా పడుతుంది.

ఇక టెంట్ వేసి పైపుతో పైనుంచి నీళ్లు పట్టండి, పది నిమిషాలు. లోపల ఒకరు టార్చి పట్టుకుని కూర్చుని, తడి వచ్చిన చోట చాక్‌పీస్‌తో గుర్తు పెట్టాలి. ఆరాక ఆ గుర్తుల మీద మాత్రమే ఇంకొక కోటింగ్. మళ్లీ ఆరబెట్టి, సంచిలో కుక్కకుండా పెద్ద కాటన్ దిండు గలీబులో వదులుగా వేసి బీరువాలో పెట్టండి.