పెరట్లో మెక్సికన్ క్రీపర్ పట్టేసిందా? పైన కోస్తే పోదు, దుంప తియ్యాలి

నమస్కారం అండీ. ఇవాళ మధురవాడలో మా పిన్ని వాళ్ళ పెరట్లో ఉన్నాను. నా వెనక ప్రహరీ గోడ ఉంది, కానీ మీకు కనిపించదు, ఎందుకంటే గోడంతా తీగే. గోడ దాటి జామచెట్టెక్కి, అక్కణ్ణుంచి బట్టలారేసే తాడు పట్టుకుని బాత్రూమ్ రేకుల మీదకొచ్చేసింది. హుద్‌హుద్ తుఫానుకి, అదే 2014 అక్టోబర్‌లో, ఇక్కడున్న పెద్ద వేపచెట్టు పడిపోయింది. ఆ నీడ పోయి ఎండ బాగా తగలడం మొదలయ్యాక ఇక దీన్ని ఆపేవాళ్ళు లేరు.

కాస్త దగ్గరగా చూపిస్తాను, గుర్తుపట్టండి. ఆకు హృదయాకారంలో ఉంటుంది, అంచు కొంచెం అలలు అలలుగా, ఈనెలు ఉబ్బెత్తుగా. పూలు గులాబీ రంగు గుత్తులు. ఈ గుత్తి చివర చూడండి, కొనంతా పూలు కాదు, సన్నటి నులితీగలు కొక్కెంలా వంకర తిరిగి ఉన్నాయి కదా, ఏది దొరికితే దాన్ని పట్టుకుని పాకేది వీటితోనే. నర్సరీల్లో దీన్ని మెక్సికన్ క్రీపర్ అనో కోరల్ వైన్ అనో అమ్ముతారు, శాస్త్రీయ నామం ఆంటిగోనాన్ లెప్టోపస్, పుట్టిల్లు మెక్సికో. అందంగా ఉంటుంది, కాదనను. మా పిన్ని అయితే పొద్దుట్నుంచీ "ఒక్క కొమ్మ ఉంచరా నాన్నా" అంటూనే ఉంది. ఉంచను పిన్నీ.

ఇప్పుడు అసలు సంగతి. తీగ లాగితే డొంకంతా కదులుతుందంటారు, ఇక్కడ ఏమీ కదలదు, తీగ పుటుక్కున తెగి మీ చేతిలోకొస్తుంది అంతే. దీని ప్రాణం భూమిలో ఉన్న దుంపల్లో ఉంది. ఆకులు ఎండలో తయారుచేసిన పిండిపదార్థం కిందికి దిగి దుంపలో నిలవ పడుతుంది, మీరు పైనంతా నరికేస్తే దుంప ఆ నిలవలోంచి తీసి కొత్త చిగుర్లు పంపిస్తుంది, ఆ చిగుర్లు ఆకులు విప్పుకుని ముదిరాక మళ్ళీ కిందికి జమ చెయ్యడం మొదలుపెడతాయి. అంటే ఏడాదికోసారి మనిషిని పెట్టి శుభ్రంగా కొట్టించేస్తే మీ కూలి డబ్బులు పోవడమే తప్ప దానికి పెద్ద నష్టం లేదు.

మొదలుపెట్టే ముందు ఒక మాట. కొండవార ఇళ్ళయితే పాముల సంగతి మర్చిపోవద్దు, ఇంత దట్టమైన పొదలో చెయ్యి పెట్టే ముందు కర్రతో బాగా తట్టండి, బూట్లు వేసుకోండి. పూలున్నప్పుడు తేనెటీగలు విపరీతంగా వాలతాయి, అవి రాకముందే తెల్లారి పని మొదలుపెట్టడం మేలు. తీగ కరెంటు వైరు మీదకి పాకి ఉంటే దాన్ని లాగకండి, లైన్‌మన్‌ని పిలవండి.

సరే, కోత. నేల మట్టానికి కోసేయకండి, అలా కోస్తే రేపు మొదలెక్కడో మీకే దొరకదు. మూరెడు మోడు వదిలి కోసి, ఇదిగో ఇలా ఎర్రగుడ్డ పీలిక కట్టండి. పైన చెట్టు మీదున్న తీగని వెంటనే లాగొద్దు, జామ కొమ్మలు విరిగి వచ్చేస్తాయి. వదిలేస్తే నాలుగు రోజుల్లో వాడి ఎండిపోతుంది, అప్పుడు పెళుసుగా ముక్కలు ముక్కలుగా ఊడొస్తుంది.

తవ్వడం ఎప్పుడంటే, మే నెలలో మాత్రం వద్దు. మన వైజాగ్ ఎర్రమట్టి ఎండాకాలంలో గునపం దిగనివ్వదు, చేతులు బొబ్బలెక్కడం తప్ప ఒరిగేదేమీ ఉండదు. జూన్‌లో తొలకరి పడ్డాక, గట్టి వాన కురిసిన మర్నాడు పట్టుకోండి. అంత ఆగలేమంటే ముందురోజు సాయంత్రం తీగ మొదలు దగ్గర నీళ్ళు బాగా పెట్టండి.

పిన్నీ, ఆ గునపం ఇటివ్వు. చూడండి, మోడుకి ఆనుకుని పొడవకూడదు, దుంప ముక్కలైపోతుంది, మట్టిలో ఉండిపోయిన ముక్కకి ఒక్క కన్ను, అంటే మొలక వచ్చే చోటు, ఉన్నా చాలు మళ్ళీ మొలుస్తుంది. చుట్టూ జానెడు దూరం వదిలి గుంటలా తవ్వుకుంటూ రావాలి, దగ్గరికొచ్చాక గునపం పక్కన పడేసి మేస్త్రీలు వాడే తాపీతో మట్టి గీకండి. అదిగో, గోధుమరంగు దుంప బయటపడింది, దాని పక్కన ఇంకోటి, వేరు పట్టుకుని కిందికి వెళ్తే ఇంకా ఉంటాయి. ఇక్కడే చాలామంది ఆపేస్తారు, పెద్దది దొరికింది కదా అని. ఆ వేరు ఎటు పోతోందో చూసి దాని వెంట వెళ్ళాలి, ఓపిక ఉన్నంతవరకూ. తీసిన మట్టిని కూడా వేళ్ళతో ఒకసారి చిదిమి చూసుకుని తిరిగి వెయ్యండి.

కొన్ని దుంపలు గోడ పునాది కిందికి దూరిపోతాయి. అక్కడ తవ్వకండి, తీగ కోసం గోడ పడగొట్టుకోలేం కదా. అలాంటి చోట వారానికోసారి వెళ్ళి, చిగురు వేలెడు పొడవుండగానే, ఆకు ముదరకుండా తుంచేయడమే. ఎన్నాళ్ళంటే, దుంపలో నిలవ అయిపోయేదాకా. ఒక వానాకాలం దాటి రెండోదానికి కూడా పోవచ్చు. మధ్యలో మీరు ఊరెళ్తే పక్కింటివాళ్ళకి చెప్పి వెళ్ళండి, నెల్లాళ్ళు వదిలేస్తే దుంప మళ్ళీ నింపేసుకుంటుంది. అసలు పనంతా ఇదే, కానీ వీడియోలో చూపిస్తే ఎవరూ చూడరు.

ఉప్పు పొయ్యండి, కిరసనాయిలు పొయ్యండి, యాసిడ్ పొయ్యండి అని చెప్పేవాళ్ళుంటారు. ఉప్పు పోస్తే ఆ చోట రేపు మీ బెండమొక్క కూడా రాదు, లోతున్న దుంప మాత్రం బతికేస్తుంది. కిరసనాయిలూ యాసిడూ మట్టిని పాడుచెయ్యడానికే. ఇక గడ్డి మందు, గ్లైఫోసేట్. దాన్ని పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు తప్ప ఇతరులు వాడకూడదని 2022 అక్టోబర్‌లో కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. కాబట్టి షాపువాడు సీసా చేతిలో పెట్టినా తెచ్చుకోకండి. పక్కనే జామ, కరివేపాకు ఉన్న పెరట్లో నేనైతే మందు జోలికే పోను.

తీసిన దుంపలు, తీగలు ఎక్కడ పడేస్తారన్నది చాలా ముఖ్యం. కంపోస్టు గుంటలో వెయ్యొద్దు, పక్కనున్న ఖాళీ సైటులోకి విసరొద్దు. గెడ్డలో, అంటే వాగులో, అసలే వద్దు, దీని గింజలు నీళ్ళ మీద తేలతాయి, వానకి ఎక్కడో కింద కాలనీలో ఒడ్డున పడి మొలుస్తాయి. ఎండిన పూరేకుల మధ్య గోధుమరంగులో మూడు పలకలతో ఉండేవి గింజలు, పూగుత్తులన్నీ ముందే కోసి కవర్లో మూట కట్టేయండి. దుంపల్ని డాబా మీద గోనెపట్టా వేసి పరవండి, గచ్చు మీద ఎండకి కరకరలాడేదాకా ఎండితేనే చెత్తబండికి ఇవ్వండి. వాన వస్తే లోపలికి తీసుకోండి, తడి తగిలితే పట్టా మీదే మొలకేస్తాయి.

ఖాళీ అయిన గోడ దగ్గర వెంటనే ఏదీ పాతకండి. కొత్త మొక్క ఆకుల మధ్య ఇది మొలిచినా మీకు తెలియదు. ఒక వానాకాలం ఖాళీగా చూసి, ఏమీ రాలేదనుకున్నాక సన్నజాజి పెట్టుకోండి. మా పిన్నికి అదే చెప్పాను, ఒప్పుకుంది.

చివరగా, గోడ అవతలివాళ్ళతో మాట్లాడండి. వాళ్ళ వైపు దుంప ఉంటే మీరెంత తవ్వినా అటునుంచి వస్తూనే ఉంటుంది. ఇక్కడ అవతలివైపు అద్దెకున్న అన్నయ్య ఆదివారం గునపం పట్టుకుని వస్తానన్నాడు.