ముసురు ఎపిసోడ్: ఒకటి రెండు చోట్ల అంటే ఎన్ని చోట్ల?

రమ్య: బెజవాడలో పగలే లైట్లు వేసుకునేంత ముసురు. ఇవాళ ఈ వారం వాతావరణం, వరి కోతలకి జాగ్రత్తలు. బాబాయ్, ముందు వాతావరణ శాఖ బులెటిన్ చెప్పు. నీ ఎనిమిదిన్నర వాన లెక్క సంగతి తర్వాత.

బాబాయ్: తర్వాతేలే. నైరుతి బంగాళాఖాతంలో అల్పపీడనం ఉంది, తమిళనాడు వైపు పోతోంది. అది అంత దక్షిణాన ఉంటే మనకి ఈశాన్యపు గాలి, తుంపర. ఎండ లేక పగలు చల్లగా ఉంటుంది. రాత్రికి మబ్బు వేడిని పైకి పోనివ్వదు కాబట్టి ఉష్ణోగ్రత పెద్దగా పడదు. ఇక 'దక్షిణ కోస్తాలో ఒకటి రెండు చోట్ల భారీ వర్షం' అన్నారు.

రమ్య: అదిగో, అక్కడే. ఆ మాట వినగానే తెనాలిలో ఉన్నవాళ్ళు 'మనకి కాదులే' అనుకుంటారు.

బాబాయ్: అనుకోకూడదు. వాన కొలిచే కేంద్రాల్లో 25 శాతం దాకా పడితే ఒకటి రెండు చోట్ల. 26 నుంచి 50 అయితే కొన్ని చోట్ల, 51 నుంచి 75 అయితే అనేక చోట్ల, ఆ పైన దాదాపు అన్ని చోట్ల.

రమ్య: అంటే వంద కేంద్రాలుంటే పాతిక చోట్ల కురిసినా ఒకటి రెండేనా? తెలుగులో పాతికని ఒకటి రెండు అనం బాబాయ్. ఆ మాట మార్చాలి.

బాబాయ్: మాట మార్చక్కర్లేదు, పక్కన శాతం వేస్తే చాలు.

రమ్య: బులెటిన్ వినే రైతు శాతం ఎక్కడ చూస్తాడు? 'నాలుగో వంతు ఊళ్ళలో' అంటే ఒక్క ముక్కలో అర్థమైపోతుంది.

బాబాయ్: ...అది బాగానే ఉంది. కానీ 'భారీ' సంగతి కూడా చెప్పాలి. అది ఎన్ని ఊళ్ళన్నది కాదు, ఎంత నీళ్ళన్నది. 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్ల నుంచి భారీ, 115.6 నుంచి అతి భారీ, 204.5 నుంచి అత్యంత భారీ. చదరపు మీటరు మీద లీటరు నీళ్ళు పడితే ఒక మిల్లీమీటరు. 64.5 అంటే ఎకరానికి రెండు లక్షల అరవై వేల లీటర్ల పైనే.

రమ్య: దాన్ని ఇంట్లో కొలవాలంటే? స్టీలు గిన్నె అనకు మళ్ళీ.

బాబాయ్: గిన్నె పనికిరాదమ్మాయ్. మూతి వెడల్పు, అడుగు ఇరుకు. పడినదానికంటే ఎక్కువ చూపిస్తుంది. సరిగ్గా 11.3 సెంటీమీటర్ల మూతి ఉన్న గరాటు సీసాకి పెట్టు. దాని వైశాల్యం వంద చదరపు సెంటీమీటర్లు. సీసాలో పడిన నీళ్ళు మందు కొలిచే కప్పుతో కొలిస్తే, ప్రతి పది మిల్లీలీటర్లకీ ఒక మిల్లీమీటరు వాన. గోడ పక్కన పెట్టొద్దు, గాలివాటుకి వాన తప్పిపోతుంది. ఇక చూడాల్సింది పొద్దున్నే ఎనిమిదిన్నరకి...

రమ్య: ఎనిమిదిన్నరకి వచ్చేశాడు!

బాబాయ్: రాకపోతే ఎలా? లెక్క ఎనిమిదిన్నర నుంచి ఎనిమిదిన్నరకి. ఐదో తేదీ వాన అని రాస్తే అది నాలుగో తేదీ ఎనిమిదిన్నర తర్వాత కురిసింది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను మధ్యాహ్నం బాపట్ల దగ్గర తీరం దాటింది. ఆ మధ్యాహ్నం వాన ఆరో తేదీ లెక్కలోకి పోయింది. ఇది తెలియక 'ఐదున ఇంతేనా' అని మనవాళ్ళు పోట్లాడుకుంటారు.

రమ్య: సరే, కోతల సంగతి. టైము అయిపోతోంది.

బాబాయ్: దానికి ఇంకో ఎపిసోడ్ చేయాలి నిజానికి. కోయనివాళ్ళు వాన తగ్గేదాకా ఆగండి. గట్లకి గండి కొట్టి నీళ్ళు వదిలేయండి. మిషన్ కోత ధాన్యం మీద బరకం, అదే టార్పాలిన్, కప్పినవాళ్ళు తెరిపి ఇచ్చినప్పుడల్లా తీసి తిరగేయాలి. లేకపోతే లోపల ఆవిరి పట్టి ధాన్యం రంగు మారుతుంది. కొనుగోలుకి తేమ 17 శాతం దాటకూడదు, అది గుర్తుంచుకోండి.

రమ్య: కోసి పొలంలో పరిచిన వరి పనలు తడిసిపోతే? పొలాల్లో ఇప్పుడు జరుగుతోంది అదే కదా.

బాబాయ్: అదే బాధ. తడిసిన పనలు నేలకి అంటుకుంటే గింజ మొలకొస్తుంది. ఎత్తి గట్టు మీదకి చేర్చి, ఐదు శాతం ఉప్పునీళ్ళు కొట్టాలి. లీటరుకి 50 గ్రాములు, 16 లీటర్ల ట్యాంకుకి 800 గ్రాములు. వెన్నులు తడిసేలా కొట్టండి.

రమ్య: గళ్ళుప్పు ఫరవాలేదా?

బాబాయ్: చక్కగా పనికొస్తుంది. బాగా కరిగించి గుడ్డలో వడకట్టండి, నాజిల్లో ఇసుక పడితే అక్కడే ఆగిపోతుంది. పని అయ్యాక స్ప్రేయరు మంచినీళ్ళతో రెండుసార్లు కడగండి.