కణకేంద్రకం జోలికి పోని వైరస్

అందరికీ నమస్కారం.

హెపటైటిస్ బికి మందు వాడితే చాలామందిలో అది అదుపులో ఉంటుందే కానీ పూర్తిగా పోదు. హెపటైటిస్ సి మాత్రం ఎక్కువమందికి 8 నుంచి 12 వారాల మాత్రలతో నయమైపోతుంది. రెండూ పట్టుకునేది కాలేయాన్నే. మరి ఈ తేడా ఎక్కడిది? బి వైరస్ తన డీఎన్ఏని కణకేంద్రకంలో దాచుకుంటుంది. సి వైరస్‌కి అసలు డీఎన్ఏ దశే లేదు. దాని బతుకంతా కేంద్రకం బయటే.

దాని జన్యుపదార్థం సుమారు 9,600 అక్షరాల ఒంటిపోగు ఆర్ఎన్ఏ. కణంలో అడుగుపెట్టగానే ప్రోటీన్లు తయారుచేసే రైబోజోములు దాన్ని నేరుగా చదివేస్తాయి. మన సందేశ ఆర్ఎన్ఏలకుండే మామూలు క్యాప్, అంటే రైబోజోమ్ గుర్తుపట్టే టోపీ, దీనికి లేదు. అయినా పని ఆగదు. తన మొదటి భాగాన్నే మడతలు పెట్టుకుని రైబోజోమ్‌ని పట్టేస్తుంది. అలా దాదాపు 3,000 అమైనో ఆమ్లాల పొడవున్న ఒకే ప్రోటీన్ తయారవుతుంది. కణం ఎంజైములు కొంత, వైరస్ సొంత ఎంజైములు కొంత కోస్తే అది పది ముక్కలవుతుంది.

అసలు కథ ఇక్కడే. ఆ ముక్కల్లో కొన్ని కణంలోని పొరలను ఒంచి చిన్నచిన్న తిత్తులు కట్టిస్తాయి. కణం కాపలా వ్యవస్థకు కనపడకుండా లోపల నకళ్లు తీయడం సాగుతుంది. ఆ ముక్కల్లో ఒకటైన ఎన్ఎస్5బి అనే ఎంజైమ్ ముందు వ్యతిరేక పోగు ఒకటి రాస్తుంది, దాన్ని చూసి అసలు పోగులు బోలెడు తీస్తుంది. తప్పులు దిద్దే అలవాటు దానికి లేదు. రోగి ఒంట్లో రోజుకి లక్ష కోట్ల దాకా వైరస్‌లు పుడతాయని అంచనా. ఇక తప్పులెన్నో మీరే ఊహించుకోండి!

నాకు మరీ విచిత్రంగా తోచేది ఎంఐఆర్-122. కాలేయ కణాల్లో దండిగా దొరికే ఈ చిన్న ఆర్ఎన్ఏ పని మామూలుగా జన్యువుల నోరు నొక్కడం. ఈ వైరస్ పోగు కొసన అతుక్కుని మాత్రం దాన్ని కాపాడుతుంది!

తర్వాత కొవ్వు బిందువుల పక్కన కొత్త వైరస్‌లు కూర్చబడి, కొవ్వు రవాణా దారిలోనే బయటపడతాయి.

1999లో జర్మనీలో ఈ వైరస్ ఆర్ఎన్ఏ ముక్కను ల్యాబ్ కణాల్లో దానంతటదే నకళ్లు తీసుకునేలా చేశారు. మందులను పరీక్షించే వీలు అలా దొరికింది. 2013లో అమెరికాలో అనుమతి పొందిన సోఫోస్‌బువిర్ అనే మందు ఎన్ఎస్5బికి నకిలీ ఇటుక అందిస్తుంది. అది పడ్డాక పోగు ముందుకు సాగదు. నకళ్లు ఆగితే దాచుకున్న మూలప్రతి ఏదీ ఉండదు కాబట్టి వైరస్ మొత్తంగా తుడిచిపెట్టుకుపోతుంది. ఎన్ఎస్5ఏ అనే మరో వైరస్ ముక్కని అడ్డుకునే మందులూ ఉన్నాయి. అవి ఒంటరిగా ఇస్తే ఆ తప్పుల్లో ఏదో ఒకటి వైరస్‌ని గట్టెక్కించేస్తుంది, అందుకే రెండిటినీ కలిపి ఇస్తారు. టీకా ఇంకా రాకపోవడానికి కూడా ఆ తప్పులే పెద్ద కారణం. నయమైన మనిషికి మళ్లీ సోకే అవకాశమూ ఉంది.